ఫార్మాట్ చేయించే ముందు
ఇంటి కంప్యూటర్ మొరాయించినప్పుడు వరుసగా చూడవలసిన విషయాలు

ఊరు విడిచి పట్టణానికి వచ్చిన కుటుంబం ఒకప్పుడు ముఖ్యమైన కాగితాలన్నీ ట్రంకుపెట్టెలో దాచుకొనేది. పొలం దస్తావేజు, పిల్లల జనన ధ్రువపత్రాలు, బడి విడిచిన పత్రం, పెండ్లి ఫొటోలు అన్నీ ఆ పెట్టెలోనే ఉండేవి. నేడు ఆ స్థానాన్ని చాలావరకు ఇంట్లోని కంప్యూటర్ ఆక్రమించింది. ఇంటి పన్ను రశీదులు, పిల్లల పరీక్షా దరఖాస్తులు, స్వగ్రామంలోని భూమి పత్రాల స్కాన్ ప్రతులు, తెలుగు సంఘం కార్యవర్గపు తీర్మానాలు, గతించిన పెద్దల ఫొటోలు అందులో చేరాయి. ట్రంకుపెట్టె తాళం పాడైతే తాళం పగులగొట్టేవారే గాని పెట్టెను తగులబెట్టేవారు కాదు. కంప్యూటర్ విషయంలో మాత్రం తరచుగా ఆ రెండవ పనే జరుగుతున్నది.

యంత్రం నెమ్మదించినా, తెర నీలంగా మారి ఆగిపోయినా, మరమ్మతు దుకాణంలో సాధారణంగా వినిపించే మాట ‘ఫార్మాట్ చేయాలి’ అన్నదే. ఫార్మాట్ అంటే నిల్వ పలకపై ఉన్న పాత అమరికను తుడిచివేసి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ మొదటినుంచి స్థాపించడం. అది తప్పుడు వైద్యం కాదు, చివరి వైద్యం. దానికి ముందు చేయదగిన పనులు చాలా ఉన్నాయి. వాటిలో అధికభాగం ఇంట్లోనే, ఖర్చు లేకుండా, పది పదిహేను నిమిషాల్లో చేసుకోదగినవే.

దుకాణంలో తరచుగా అడిగే మరొక ప్రశ్న ‘డి డ్రైవ్‌లో ఏమైనా ఉన్నదా?’ అనేది. ఏమీ లేదని యజమాని చెబుతాడు; ఆ మాట నిజమే కూడా. కాని డెస్క్‌టాప్ మీద కనిపించే ఫైళ్లు, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ అనే అరలు మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయి. ఫార్మాట్ జరిగేది సి డ్రైవ్‌కే. వైరస్ ఏదీ లేకుండానే, ఈ చిన్న అపార్థం వల్ల కుటుంబాల ఫొటోలు మాయమయ్యే ప్రమాదం ఉన్నది.

లోపం ఎక్కడ ఉన్నదో గుర్తించడం

మరమ్మతుకు మొదటి మెట్టు లోపపు స్థానాన్ని తెలుసుకోవడం. బటన్ నొక్కినా దీపం వెలగకపోతే, ఫ్యాన్ తిరగకపోతే అది విద్యుత్తుకు సంబంధించిన లోపం. గోడ ప్లగ్గు, తీగ, యూపీఎస్ చూడాలి. ఫ్యాన్ తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే మానిటర్ తీగనో, ర్యామ్ పలకనో అనుమానించాలి. తయారీ సంస్థ గుర్తు కనిపించి అక్కడే ఆగిపోతే నిల్వ పలకను గాని ఆపరేటింగ్ సిస్టమ్‌ను గాని పరిశీలించాలి. అన్నీ తెరుచుకొని ఒక్క వెబ్‌సైటు మాత్రమే రాకపోతే కంప్యూటర్‌కు జబ్బు లేదు. ఇంటర్నెట్ రౌటర్‌ను ఒకసారి ఆపి వేస్తే చాలవచ్చు.

విద్యుత్ తీగను పూర్తిగా ఊడదీసి, పవర్ బటన్‌ను అరనిమిషం పాటు నొక్కి పట్టుకొని, తిరిగి తీగ పెట్టి ప్రారంభించడం పాత చిట్కా. లోపల మిగిలిన విద్యుత్తు పోయి, కొన్ని మొండి స్థితులు దీనితోనే తొలగుతాయి. ప్రారంభంలో వరుసగా బీప్ శబ్దాలు వినిపిస్తే ర్యామ్ పలక సరిగా కూర్చోలేదని అనుమానించవచ్చు. తీగ తీసివేసి, పెట్టె లోహపు భాగాన్ని చేతితో తాకి, పలకను ఊడదీసి, దాని అంచును పొడి మెత్తని గుడ్డతో తుడిచి, తిరిగి నొక్కి అమర్చాలి. దుమ్ము పేరుకొన్న ఫ్యాన్ వేసవిలో యంత్రాన్ని వేడెక్కించి తనంతట తానే ఆగిపోయేట్లు చేస్తుంది. ఏడాదికి ఒకసారైనా దుమ్ము దులపడం మంచిది.

ఆపి వేయడం, రీస్టార్ట్ చేయడం: ఈ రెండూ ఒకటి కావు

రాత్రి షట్‌డౌన్ చేసి ఉదయం తెరిచినా పాత ఇబ్బంది పోలేదని చాలామంది వాపోతారు. దానికి కారణం ఉన్నది. విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు వచ్చింది. అది అమలులో ఉన్నప్పుడు షట్‌డౌన్ చేస్తే ఆపరేటింగ్ సిస్టమ్ అంతర్భాగపు స్థితి పూర్తిగా చెరిగిపోదు. నిల్వ పలకపై భద్రమై, మరునాడు అదే స్థితి తిరిగి మేల్కొంటుంది. యంత్రం త్వరగా తెరుచుకోవడానికి అది ఉపకరిస్తుంది. అయితే నిన్నటి చిక్కు కూడా దానితోపాటే తిరిగి వస్తుంది. రీస్టార్ట్ నొక్కినప్పుడు మాత్రం అంతా చెరిగి, కొత్తగా మొదలవుతుంది. అందువల్ల ఇబ్బంది ఎదురైనప్పుడు నొక్కవలసింది షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్.

నెమ్మదించిన యంత్రం

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు కీలను ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకొంటుంది. ఏ ప్రోగ్రామ్ ఎంత ర్యామ్‌ను, ప్రాసెసర్‌ను, డిస్కును వాడుకొంటున్నదో అక్కడ అంకెలతో కనిపిస్తుంది. స్పందించని ప్రోగ్రామ్‌ను ఎంచుకొని ‘ఎండ్ టాస్క్’ నొక్కితే అది ఒక్కటే మూతపడుతుంది. యంత్రాన్నంతా బలవంతంగా ఆపనక్కరలేదు. అదే చోట ‘స్టార్టప్’ అనే విభాగం ఉంటుంది. కంప్యూటర్ తెరిచిన వెంటనే తమంతట తాము మొదలయ్యే ప్రోగ్రామ్‌లు అక్కడ వరుసగా కనిపిస్తాయి. నిత్యం అవసరం లేనివాటిని నిలిపివేస్తే ప్రారంభపు జాప్యం చాలావరకు తగ్గుతుంది. యాంటీవైరస్‌ను మాత్రం ఆపకూడదు.

సి డ్రైవ్ నిండిపోవడం మరొక కారణం. తాత్కాలిక ఫైళ్లకు, అప్‌డేట్లకు చోటు లేకపోతే విండోస్ తడబడుతుంది. సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్’ విభాగం తెరిస్తే ఏది ఎంత చోటు తింటున్నదో తెలుస్తుంది. తాత్కాలిక ఫైళ్లను అక్కడినుంచే తొలగించవచ్చు. అయితే ఆ జాబితాలో కొన్నిసార్లు ‘డౌన్‌లోడ్స్’ కూడా కనిపిస్తుంది. దాని ఎదుట గుర్తు పెడితే దిగుమతి చేసుకొన్న హాల్ టికెట్లు, రశీదులు సైతం పోతాయి. ఆ గుర్తు తీసివేసిన తరువాతనే ముందుకు సాగాలి.

పాత హార్డ్ డిస్కు ఉన్న కంప్యూటర్ అయితే, దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ పెట్టించడం కొత్త యంత్రం కొనడంకంటె చవక. వేగంలో వచ్చే మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. హార్డ్ డిస్కు నుంచి టిక్‌టిక్‌మని శబ్దం వస్తున్నట్లయితే మాత్రం వేగం గురించి ఆలోచించే సమయం కాదు. ఆ క్షణమే ముఖ్యమైన ఫైళ్లను మరొక చోటికి నకలు తీసుకొని, యంత్రాన్ని ఆపివేయాలి.

గడియారం తప్పితే బ్యాంకు తెరుచుకోదు

పాత డెస్క్‌టాప్‌లలో ఒక వింత లోపం కనిపిస్తుంది. ఇంటర్నెట్ ఉన్నా బ్యాంకు సైటు గాని ప్రభుత్వ సేవల సైటు గాని తెరుచుకోదు. ‘ఈ సంబంధం సురక్షితం కాదు’ అన్న హెచ్చరిక వస్తుంది. తెర మూలనున్న తేదీని చూస్తే ఎన్నో ఏండ్ల వెనుకకు వెళ్లి ఉంటుంది. సురక్షిత సైటు ప్రతిదానికీ ఒక ధ్రువపత్రం ఉంటుంది. దానికి ఆరంభ తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. బ్రౌజర్ ఆ తేదీలను కంప్యూటర్ గడియారంతో పోల్చి చూస్తుంది. గడియారం తప్పితే సరియైన ధ్రువపత్రం కూడా చెల్లనిదిగా తోస్తుంది.

తేదీ సరిచేస్తే సైటు తెరుచుకొంటుంది. విద్యుత్తు పోయిన ప్రతిసారీ తేదీ మళ్లీ తప్పుతున్నదంటే, మదర్‌బోర్డు మీదనున్న నాణెం ఆకారపు బ్యాటరీ నీరసించిందని అర్థం. చాలా యంత్రాల్లో అది 3 వోల్టుల సీఆర్ 2032 రకం. చేతి గడియారాల దుకాణంలోను దొరుకుతుంది. ఇంత చిన్న వస్తువు కోసం ఫార్మాట్ చేయించుకొన్నా ఫలితం ఉండదు; మరునాడు తేదీ మళ్లీ తప్పుతుంది.

తెర గడ్డకట్టినా, ప్రింటర్ మొండికేసినా

తెర నల్లబడి, శబ్దం మాత్రం వినిపిస్తుంటే విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి అక్షరపు కీ కలిపి నొక్కాలి. చిత్రాలను తెరకు అందించే డ్రైవర్ ఒక్కటే తిరిగి మొదలవుతుంది; తెరిచి ఉన్న పని పోదు. దరఖాస్తు ముద్రించబోతే ప్రింటర్ కదలకుండా, పాత ఆదేశం రద్దు కాకుండా ఉంటే ‘సర్వీసెస్’ అనే ప్రోగ్రామ్ తెరిచి, అందులో ‘ప్రింట్ స్పూలర్’ను ఎంచుకొని రీస్టార్ట్ చేయాలి. వరుసలో చిక్కుకొన్న ఆదేశం చాలాసార్లు దీనితో విడిపోతుంది.

నిత్యం పనికివచ్చే మరికొన్ని కీలు ఉన్నాయి. విండోస్ కీతో పాటు షిఫ్ట్, ఎస్ నొక్కితే తెరపై కావలసిన భాగాన్ని చిత్రంగా పట్టుకోవచ్చు. హెచ్చరిక వచ్చినప్పుడు ఆ చిత్రం దాచి ఉంచితే మరమ్మతు చేసేవారికి ఎంతో ఉపకరిస్తుంది. విండోస్ కీ, వి కలిపితే ఇంతకుముందు కాపీ చేసినవన్నీ వరుసగా కనిపిస్తాయి. మొదటిసారి మాత్రం ఆ సౌకర్యాన్ని ప్రారంభించుకోవాలి. విండోస్ కీ, ఎల్ కలిపితే తెరకు తాళం పడుతుంది. కీబోర్డు పాడైతే విండోస్ కీ, కంట్రోల్, ఓ కలిపి తెరమీది కీబోర్డును తెచ్చుకోవచ్చు. ఆ కీలూ పనిచేయకపోతే సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీ విభాగం నుంచి మౌస్‌తో తెరవవచ్చు.

విండోస్ అసలే తెరుచుకోకపోతే

వరుసగా రెండు మూడు మార్లు సరిగా ప్రారంభం కాకపోతే విండోస్ తనంతట తాను మరమ్మతు తెరను చూపుతుంది. ప్రవేశ తెర వరకు వచ్చిన యంత్రంలో షిఫ్ట్ కీ పట్టుకొని రీస్టార్ట్ నొక్కినా అదే తెర వస్తుంది. అందులో ‘ట్రబుల్‌షూట్’, తరువాత ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ ఎంచుకొంటే నాలుగు ముఖ్యమైన మార్గాలు కనిపిస్తాయి. వాటిని కింది వరుసలోనే ప్రయత్నించడం మేలు.

మొదటిది ‘స్టార్టప్ రిపేర్’. ప్రారంభానికి అవసరమైన ఫైళ్లను అది పరీక్షించి సరిచేస్తుంది.

రెండవది అప్‌డేట్ తొలగింపు. నిన్నటివరకు బాగున్న యంత్రం అప్‌డేట్ తరువాతనే మొరాయించినట్లయితే ఇది తగిన మందు.

మూడవది ‘సిస్టమ్ రిస్టోర్’. ముందే ఆ ఏర్పాటు అమలులో ఉంటే, యంత్రాన్ని కొన్నాళ్ల వెనుకటి స్థితికి తీసుకుపోతుంది. ఆ తేదీ తరువాత ఎక్కించిన ప్రోగ్రామ్‌లు పోతాయి గాని, సొంత పత్రాలు, ఫొటోలు చెక్కుచెదరవు.

నాలుగవది ‘సేఫ్ మోడ్’. ‘స్టార్టప్ సెట్టింగ్స్’ ద్వారా వెళ్లి, వచ్చిన జాబితాలో 4 నొక్కాలి. అత్యవసరమైన భాగాలతో మాత్రమే విండోస్ తెరుచుకొంటుంది. అక్కడ బాగా పనిచేసిందంటే లోపం యంత్రానిది కాదు, తరువాత ఎక్కించిన ఏదో ప్రోగ్రామ్‌ది గాని డ్రైవర్‌ది గాని అని తేలుతుంది.

ఇవేవీ ఫలించకపోయినా ఫైళ్లు పోయినట్లు కాదు. ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లను మరొక కంప్యూటర్ సహాయంతో పెన్‌డ్రైవ్‌లో సిద్ధం చేసుకొని, నిల్వ పలకపై దేనినీ స్థాపించకుండానే, ఆ పెన్‌డ్రైవ్ నుంచే చెడిన యంత్రాన్ని ప్రారంభించవచ్చు. అప్పుడు పాత సి డ్రైవ్ ఒక అరలాగా తెరుచుకొంటుంది. కావలసిన ఫైళ్లను మరొక డిస్కుకు నకలు చేసుకోవచ్చు. స్థాపన సమయంలో ‘ట్రై’, ‘ఇన్‌స్టాల్’ అనే రెండు మార్గాలు కనిపిస్తే ‘ట్రై’నే ఎంచుకోవాలి. డ్రైవ్ బిట్‌లాకర్‌తో తాళం పడి ఉంటే మాత్రం 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మామూలుగా యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటుంది. యంత్రం బాగున్న రోజునే దానిని వెదికి, కాగితంపై రాసి ఉంచుకోవాలి.

అన్నిటి తరువాత ‘రీసెట్ దిస్ పీసీ’ అనే మార్గం ఉన్నది. అందులో ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకొంటే ప్రోగ్రామ్‌లు పోయి సొంత ఫైళ్లు నిలుస్తాయి. నకలు తీసుకొన్న తరువాతనే దీనిని చేయాలి. పొరపాటున ఫార్మాట్ జరిగిపోతే ఆ డిస్కుపై మరేదీ రాయకుండా వెంటనే ఆపి, ఫైళ్లు వెలికితీసే నిపుణులకు చూపాలి. పాత హార్డ్ డిస్కుల్లో కొంత ఆశ ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో అది బహు స్వల్పం.

తెలుగు అక్షరాలు చెదిరినప్పుడు

పొరుగు రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు, సంఘాలకు మరొక చిక్కు ఉన్నది. పాత తెలుగు ఫైలు తెరిస్తే అక్షరాలు కనిపించవు. ఇందులో రెండు వేర్వేరు జబ్బులు ఉన్నాయి. వాటిని వేరుగా గుర్తించాలి.

అక్షరాల స్థానంలో ఖాళీ చతురస్రాలు కనిపిస్తే, ఫైలు యూనికోడ్‌లోనే ఉండి, తెలుగు ఫాంటు దొరకలేదని అర్థం. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు; ప్రతి అక్షరానికి ఏ యంత్రంలోనైనా ఒకే సంఖ్య ఉంటుంది. కనుక అక్షరం పోలేదు, దాని రూపం మాత్రమే దొరకలేదు. విండోస్ 8 నుంచి నిర్మలా ఫాంటు తెలుగును చూపుతుంది. పూర్వపు గౌతమి ఫాంటు విండోస్ 10 నుంచి అదనపు సౌకర్యంగా మారింది. సెట్టింగ్స్‌లోని ‘ఆప్షనల్ ఫీచర్స్’ నుంచి తెలుగు అనుబంధ ఫాంట్లను చేర్చుకొంటే పాత ఉత్తరం మళ్లీ పూర్వపు రూపంలో కనిపిస్తుంది.

అర్థంలేని ఆంగ్ల అక్షరాలు, గుర్తులు కనిపిస్తే అది రెండవ జబ్బు. అను వంటి పాత డీటీపీ ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన పాఠం అది. ఆ పద్ధతిలో ఆంగ్ల అక్షరాల స్థానాల్లోనే తెలుగు రూపాలను అమర్చారు. ఆ ఫాంటు ఉన్నంతవరకు తెలుగు కనిపిస్తుంది. అది లేని యంత్రంలో అసలు స్థానాలు బయటపడతాయి. బెంగళూరు, చెన్నై, బరంపురం, షోలాపూర్ వంటి చోట్ల తెలుగు సంఘాల పాత సంచికలు, ఆహ్వానాలు, సభ్యుల జాబితాలు ఈ రూపంలో ఉండే అవకాశం ఎక్కువ. కంప్యూటర్ ఫార్మాట్ చేస్తే ఫైళ్లతోపాటు ఆ ఫాంట్లూ పోతాయి. ఫైళ్లకు నకలు ఉన్నా చదవడానికి తాళంచెవి లేనట్లవుతుంది.

కనుక యంత్రం పనిచేస్తుండగానే మూడు పనులు చేయాలి. అసలు ఫైలును, దాని ఫాంట్లను ఒకే అరలో కలిపి దాచాలి. ప్రతి ఫైలును ఫాంట్లు ఇమిడి ఉండేట్లు పీడీఎఫ్‌గా కూడా భద్రపరచాలి. అప్పుడు ఏ యంత్రంలోనైనా పుట అట్లాగే కనిపిస్తుంది. ఆపైన తీరిక ఉన్నప్పుడు మార్పిడి సాధనాలతో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చిన తరువాత ఒత్తులు, గుణింతాలు తప్పకుండా సరిచూడాలి. మనుషుల పేర్లలోనే తప్పులు ఎక్కువగా దొర్లుతాయి.

తెలుగులో టైపు చేయడానికి సెట్టింగ్స్‌లోని భాషల విభాగంలో తెలుగును చేర్చుకొంటే చాలు. తరువాత విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కుతూ భాషలు మార్చుకోవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో భారతీయ లిపులన్నిటికీ అమరిక చాలావరకు ఒక్కటే. ఆంగ్లపు కె ఉన్న చోట తెలుగులో ‘క’ వస్తుంది. కన్నడంలోను, ఒడియాలోను, మరాఠీలోను ఆ ‘క’యే వస్తుంది. బడిలో కన్నడ ఇన్‌స్క్రిప్ట్ నేర్చిన బాలిక తాతకు తెలుగులో ఉత్తరం రాయడానికి కొత్తగా నేర్వవలసినది స్వల్పం. ఆంగ్ల అక్షరాలతో రాసే అలవాటున్నవారికి ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉన్నది.

విండోస్ 10 వాడుతున్నవారికి

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. యంత్రం ఆ రోజుతో ఆగిపోలేదు, పనిచేస్తూనే ఉంటుంది. అయితే భద్రతా సవరణలు మామూలుగా అందవు గనుక బ్యాంకు పనులకు అది క్రమంగా తగనిదవుతుంది. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. ఈ చిప్ కొన్ని యంత్రాల్లో ఉండి కూడా బయోస్‌లో నిద్రాణంగా ఉంటుంది. కొత్తది కొనే ముందు దానిని పరీక్షించాలి. అర్హత లేని పాత యంత్రాలకు లినక్స్ ఒక చక్కని మార్గం. బ్రౌజర్, ఉత్తరాలు, లెక్కల పట్టికలు, తెలుగు టైపింగ్ అందులోనూ ఉన్నాయి.

ఫోన్ నంబరు చూపే హెచ్చరిక

బ్రౌజర్‌లో అకస్మాత్తుగా తెరనిండా ఎర్రని హెచ్చరిక వచ్చి, వైరస్ చేరిందని, ఫలానా నంబరుకు ఫోన్ చేయమని చెబితే అది మోసం. విండోస్ ఇచ్చే నిజమైన దోష సందేశాల్లో ఫోన్ నంబరు ఉండదు. ఆ నంబరుకు ఫోన్ చేయకూడదు. దూరంనుంచి యంత్రాన్ని నడిపే ప్రోగ్రామ్‌ను ఎవరి మాట మీదనూ ఎక్కించకూడదు. టాస్క్ మేనేజర్ తెరిచి బ్రౌజర్‌ను మూసివేస్తే చాలు. డబ్బు పోయినట్లయితే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును మధ్యలో నిలిపే అవకాశం అంత ఎక్కువ.

నకలు లేని పత్రం లేనట్లే

ఫైళ్ల భద్రతకు నిపుణులు చెప్పే సూత్రం మూడు, రెండు, ఒకటి. ముఖ్యమైన ప్రతి ఫైలుకు మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు వేర్వేరు సాధనాలపై ఉండాలి. వాటిలో ఒకటి ఇంటికి వెలుపల ఉండాలి. కంప్యూటర్‌లో ఒకటి, బయటి డిస్కులో ఒకటి, స్వగ్రామంలోని అన్నగారి ఇంట్లోనో క్లౌడ్ ఖాతాలోనో మరొకటి ఉంటే సరిపోతుంది. ఒకే డిస్కులోని సి డ్రైవ్ నుంచి డి డ్రైవ్‌కు నకలు చేస్తే అది రెండవ ప్రతి కాదు. డిస్కు పోతే రెండూ పోతాయి. బయటి డిస్కును పని పూర్తికాగానే ఊడదీయాలి. ఎల్లప్పుడూ తగిలించి ఉంచితే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్ దానినీ పట్టుకొంటుంది.

యంత్రాన్ని దుకాణానికి పంపే ముందు ఈ అయిదు విషయాలు చూసుకోవాలి:

1. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ అరలకు నకలు తీసుకొన్నారా?

2. పాత తెలుగు ఫాంట్లు, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు వేరుగా భద్రపరచారా?

3. బిట్‌లాకర్ రికవరీ కీ చేతిలో ఉన్నదా?

4. ‘అడగకుండా ఫార్మాట్ చేయవద్దు’ అని రశీదుపై రాయించారా?

5. డిస్కు మార్చినట్లయితే పాత డిస్కును తిరిగి ఇవ్వమని ముందే చెప్పారా?

యంత్రాన్ని అంగడిలో మళ్లీ కొనుక్కోవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ స్థాపించవచ్చు. తాతగారి చేతిరాత స్కాన్ ప్రతిని, బిడ్డ తొలి అడుగుల వీడియోను మళ్లీ సృష్టించడం ఎవరి తరమూ కాదు. ఏ లోపం వచ్చినా మొదటి ప్రశ్న ‘యంత్రం ఎప్పుడు బాగవుతుంది?’ అన్నది కాకుండా ‘ఫైళ్లు ఎక్కడ ఉన్నాయి?’ అన్నది కావాలి. దానికి సమాధానం సిద్ధంగా ఉన్న ఇంట్లో ఫార్మాట్ అన్న మాట భయపెట్టదు.